పడవ తాత కోసం ప్రార్థన

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా నిస్సి గోడ వైపు తిరిగి పడుకుంది. ఎంత పిలిచినా అన్నానికి లేవలేదు. పదమూడేళ్ళ పిల్ల, ఆకలికి ఆగే రకం కాదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే చల్లగానే ఉంది. ఫోన్ పక్కన బోర్లా పడేసి ఉంది. ఆరు నెలలుగా చూస్తున్న జపాన్ బొమ్మల సీరియల్ ముందు రోజు అయిపోయిందట. ఇప్పటి పిల్లలు దాన్ని అనిమే అంటారు. "ఎవరన్న చచ్చిపోయిండ్రా బిడ్డా అందుల?" అని అడిగాను. "ఎవ్వరు చావలె. అయిపోయింది, అంతే. ఇగ రేపటి సంది ఏముంటది నాన్నా?" అంది. గోడతో చెబుతున్నట్టు, "అంత మర్చిపోయి మళ్ళ ఫస్ట్ నుంచి చూస్తే ఎంత మంచిగుండు!" అంది.

ఆ మాట వినగానే లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీటలు రెండూ తడిమి చూశాను, వంగి వాసన చూశాను, కిటికీ బార్లా తెరిచాను. నా భార్య పప్పు తాలింపు పెడుతూ "ఆరిపోలేదు తియ్యి, నేనీడనే ఉన్న" అని నవ్వింది. ఆమెకు అలవాటే. పెళ్ళయిన కొత్తలో అడిగేది, ఎందుకంత భయమని. చిన్నప్పుడొకసారి గ్యాస్ లీకైందని చెప్పి ఊరుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ కథలో నా వంతు ఏమిటో ఆమెకూ చెప్పలేదు, అవతలి గదిలో కూర్చుని తోటకూర తుంచుతున్న మా అమ్మకూ చెప్పలేదు.

అప్పుడు మేము ఫ్యాక్టరీల పక్కనే ఉన్న లక్డారం ఊళ్ళో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. రేకుల కప్పు, ముందు ఒక గది, వెనక వంటిల్లు. నాన్న ఒక మందుల రసాయనాల ఫ్యాక్టరీలో ఆపరేటర్, మూడు షిఫ్టుల ఉద్యోగం. అమ్మ ఇంకో కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. పొద్దున ఎనిమిదింటికి కంపెనీ బస్సెక్కితే సాయంత్రం ఆరు దాటాకే దిగేది. ఇంట్లో నాయనమ్మ ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఒక మిషను దవాఖానలో ఆయాగా పనిచేసిన మనిషి. ఆ అలవాటు పోలేదు. ఏ పని మొదలుపెట్టినా ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది, మంచం మీద దుప్పటి ముడత లేకుండా నాలుగు మూలలా లోపలికి దోపేది. ఆమె దగ్గర ఎప్పుడూ కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన వచ్చేది. ఆ వాసన ఉన్న చోట నాకు భయం ఉండేది కాదు.

మా వైపు భయం కూడా వాసనగానే వచ్చేది. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగిందంటే చాలు, కుళ్ళిన గుడ్ల వాసనో, మాగిపోయిన పండ్లలాంటి తియ్యటి వాసనో ఊరి మీదికి దిగేది. మొదట ఎవరి ముక్కుకు తగిలితే వాళ్ళు "వాసన ఇడిసిండ్రో!" అని గట్టిగా అరిచేవాళ్ళు. అంతే, వాడంతా టపటపా కిటికీలు మూసుకునేది. తలుపు కింద తడిగుడ్డ పెట్టేవాళ్ళం. పది నిమిషాలో అరగంటో అలా ముక్కు బిగబట్టి కూర్చుంటే గాలి మళ్ళీ తిరిగేది. నడక నేర్చినట్టే మా పిల్లలందరం ఇదీ నేర్చుకున్నాం. వాసన వస్తే కిటికీలు మూయాలి. ఎక్కణ్ణుంచి వస్తోందని ఆలోచించే పని మాకెప్పుడూ పడలేదు. వాసన బయటి నుంచే కదా వచ్చేది.

ఇంట్లో టీవీ, దానికి కేబుల్ కనెక్షన్ వచ్చిన ఏడాదే నాకు పడవ పిల్లాడు దొరికాడు. బడి నుంచి వచ్చి చేతులు కడుక్కునేసరికి సరిగ్గా ఆ బొమ్మల సీరియల్ మొదలయ్యేది. భూమంతా నీళ్ళలో మునిగిపోయిన కాలం. ఒక పిల్లాడు, చూపులేని ఒక ముసలి పడవవాడు కలిసి, నీళ్ళ అడుగున ఉన్న వాళ్ళమ్మ ఊరిని వెతుక్కుంటూ పోతుంటారు. మాటలు హిందీలో ఉండేవి, పెదాలు వేరే ఏదో భాషలో కదిలేవి. అది జపానుదని నాకు తెలియదు. నాయనమ్మకు అంగడి ఉర్దూ వచ్చుగానీ టీవీ హిందీ అందేది కాదు. నేను పక్కన కూర్చుని గబగబా తెలుగులో చెప్పేవాణ్ణి. "ఏందిరా అంటున్నడు ఆ తాత?" "నీళ్ళను చేత్తో ముట్టుకుంటే ఊరి పేరు తెలుస్తదంటున్నడు నాయినమ్మా." "అబ్బో! మన మురికి నాలల చెయ్యి పెట్టమను, ఏ కంపెనీదో గూడ తెలుస్తది" అనేది. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

రోజూ చీకటిపడే వేళ ఇంట్లో ప్రార్థన జరిగేది. పాట, వాక్యం అయ్యాక నాయనమ్మ కళ్ళు మూసుకుని ఇంటి వాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పేది. వరస మారేది కాదు. "నా కొడుకు యోహానును డూటీల కాపాడు ప్రభువా. కోడలు సునందను బస్సుల కాపాడు. సంగారెడ్డిల ఉన్న నా బిడ్డ ఇంటిని కాపాడు. మనుమడు సామేలుకు చదువియ్యి." ఒకనాడు ఆ వరస చివర, గొంతు మారకుండా, "ఆ పడవ పిల్లగానికి, ఆ చూపులేని తాతకు తోడుండు" అంది. అమ్మ కళ్ళు తెరిచి నా వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెన్ అయ్యాక "అత్తమ్మా, ఆళ్ళు బొమ్మలు గదనే" అంటే, "అయితేంది? పిల్లగాడు ఒక్కడే తిరుగుతున్నడు, అడిగెటోళ్ళు ఎవలున్నరు?" అని కసిరింది. ఆమె ప్రార్థనకు ఒకటే నియమం. చచ్చిపోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు. మా తాత పోయిన సాయంత్రమే ఆయన పేరు వరసలోంచి తీసేసిన మనిషి. "పోయినోళ్ళ సంగతి దేవుడు సూసుకుంటడు. మనం మొత్తుకునేది ఉన్నోళ్ళ కోసం" అనేది.

చలికాలం మొదట్లో సీరియల్ అయిపోయింది. పిల్లాడు ఊరు చేరుకున్నాడు. తాత మాత్రం వరదను ఆపే తలుపు దగ్గర నిలబడిపోయి, నీళ్ళలో కలిసిపోయాడు. పాట వచ్చింది, పేర్లు పైకి పోయాయి, వెంటనే పళ్ళపొడి ప్రకటన వచ్చింది. నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. పొట్టలోంచి ఎవరో గరిటెతో తోడేసినట్టయింది. అదే గది, అదే ఫ్యాను, గోడ మీద అదే వాక్యాల క్యాలెండరు, కానీ అన్నీ నన్ను ఎరగనట్టు కనిపించాయి. రేపు బడి నుంచి వచ్చాక ఈ గంటను ఏం చేయాలి? ఆ ప్రశ్న నన్ను ఎంత భయపెట్టిందంటే, నాయనమ్మ కొంగు పట్టుకుని బావి దాకా వెళ్ళి వచ్చాను. పన్నెండేళ్ళవాణ్ణి. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమె పడవ పిల్లాడి పేరొక్కటే ఎత్తింది. తాతను తీసేసింది. అప్పుడు నాకు నమ్మకం కలిగింది, ఆయన నిజంగానే పోయాడని.

రెండు రోజులు అన్నం సహించలేదు. సోమవారం బడి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఏమీ ఉండదని తెలిసీ టీవీ పెట్టాను. అదే పాట. మళ్ళీ మొదటి భాగం నుంచి వేస్తున్నారు. తాత బతికే ఉన్నాడు, పడవకు తారు పూసుకుంటూ పాడుకుంటున్నాడు. రాబోయేది ఆయనకు తెలియదు, నాకు తెలుసు. సంతోషం కలగలేదు. చచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నవ్విస్తున్నట్టు ఒళ్ళు జలదరించింది. ఆపేద్దామని లేస్తుంటే పక్కన నాయనమ్మ ముందుకు వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఎవలురా ఈ పిల్లగాడు? మంచిగున్నడు" అంది.

ఆట పట్టిస్తోందనుకున్నాను. "పో నాయినమ్మా" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఆ ముసలాయనకు కండ్లు కనవడయా?" అని అడిగింది. ఆమె ముఖంలో వేళాకోళం లేదు. కొత్త మనుషుల్ని చూసేటప్పుడు ఉండే మర్యాద ఉంది.  ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమె పడవ పిల్లాడినీ, చూపులేని తాతనూ ఇద్దర్నీ దేవుడికి అప్పజెప్పింది. అమ్మకు అందులో ఏ తేడా కనిపించలేదు. తాత పోయాడని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. నాయనమ్మ తన నియమం తానెప్పుడూ తప్పదనీ నాకు తెలుసు. ఆమె లోపల ఏదో అయిపోతోందని అందరికంటే ముందు తెలిసింది నాకే. నేను నోరెత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మొదటి రెండు రోజులు భయంతో. తరవాత, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అసూయతో. నాకు చేతకానిది ఆమెకు చేతనవుతోంది. ప్రతి సాయంత్రం ఆమె ఆ కథను మొదటిసారి చూస్తోంది. తాత మాటకు కొత్తగా నవ్వుతోంది, తుపాను వస్తే కొత్తగా నా చెయ్యి గట్టిగా పట్టుకుంటోంది. నేను టీవీ చూడడం మానేసి ఆమె ముఖం చూడడం మొదలుపెట్టాను. ఆ ముఖంలో చూస్తే నాకూ కొత్తగానే ఉండేది. నాలో తోడేసిన చోటు కొంచెం కొంచెంగా నిండుతోంది. "నిన్న ఏమైంది నాయినమ్మా?" అని అడిగి, ఆమె తడబడుతుంటే మళ్ళీ అంతా నేనే చెప్పడం నాకొక ఆట అయింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ తడబాటులో ఆమె ఎంత భయపడి ఉంటుందో అనిపిస్తుంది. నాకప్పుడు నా భయం ఒక్కటే కనిపించేది.

ఇంకా జరిగాయి. పాలు మాడిపోయిన గిన్నెను అమ్మ వచ్చేలోపు నేనే బూడిదతో తోమి పెట్టాను. కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తే, నేనే వేశానని చెప్పి తిట్లు తిన్నాను. ఒక మధ్యాహ్నం ఎప్పుడో పోయిన మా తాత కోసం పళ్ళెం పెట్టి కూర్చుంది. ఆ పళ్ళెం తీసి కడిగేశాను. అమ్మ ముందు ఆమె గట్టిగానే ఉండేది, అలవాటైన మాటలు, అలవాటైన పనులు. ఇవన్నీ నాయనమ్మ మీద ప్రేమతో దాచానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. అమ్మకు తెలిస్తే ఆమెను సంగారెడ్డిలో మా మేనత్త ఇంటికి పంపిస్తారు, అక్కడైతే పగలంతా మనుషులుంటారు. అప్పుడు సాయంత్రం ఆ గంట నేనొక్కణ్ణే కూర్చోవాలి. ఆ ఖాళీ గదిని తలుచుకుంటే వచ్చే వణుకుతోనే దాచాను.

మూడో వారం చివర, శుక్రవారం. నాన్నకు రెండో షిఫ్టు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో వాసన. ఫ్యాక్టరీ వాసనే అనుకున్నాను. మా ఊళ్ళో ఇంకేం అనుకుంటాం? "వాసన ఇడిసిండ్రు నాయినమ్మా, కిటికీ తెరిచి కూసున్నవేంది?" అని విసుక్కుని, నేనే కిటికీలు మూశాను. తలుపు వేసి కింద తడిగుడ్డ పెట్టాను. ఆ రోజు వాడలో ఎవరూ కేకవేయలేదని నాకు తట్టనే లేదు. వంటింట్లో ఆమె చాయ్ కోసమని స్టవ్ మీట తిప్పి, అగ్గిపుల్ల గీయడం మరచి, వచ్చి కూర్చుందని నాకెలా తెలుస్తుంది? గిన్నెలో చాయ్ నీళ్ళు చల్లగా ఉన్నాయి. పక్కనే నిలబడి బిందెలో నీళ్ళు ముంచుకుని తాగాను కూడా. టీవీ అప్పటికే నడుస్తోంది. వెళ్ళి కూర్చున్నాను.

తల బరువెక్కింది. ఆమె రెండుసార్లు దగ్గింది. తుపాను భాగం నడుస్తుండగా కరెంటు పోయింది. కిటికీలు మూసి ఉండడంతో గది ఒక్కసారిగా మసకైపోయింది. కథ ఆగిపోయిందని నేను టీవీ మీట రెండుసార్లు నొక్కి చూశాను. నాయనమ్మ లేచి గూట్లోంచి చిమ్నీ దీపం, అగ్గిపెట్టె తీసింది. పుల్ల తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇదెందుకు తీసినరా నేను?" అని అడిగింది. నాకు చిరాకు, చీకటంటే భయం. "దీపం ముట్టియ్యనీకి. జల్దీ ముట్టియ్యి నాయినమ్మా!" అన్నాను.

ఆ మాట అన్నది నేను.

ఆమె పుల్ల గీసింది. మందు రాలి పుల్ల విరిగింది. ఇంకో పుల్ల కోసం పెట్టె తెరిచింది. అప్పుడే తలుపు మీద అమ్మ చెయ్యి పడింది. ఆ రోజు వాళ్ళ ప్యాకింగ్ మిషన్ ఆగిపోయి, బస్సు గంట ముందే వదిలారట. తడిగుడ్డను తన్నుకుంటూ తలుపు తోసి, గడపలోనే ఆగిపోయింది. బయటి చల్లగాలిలోంచి వచ్చిన ముక్కు ఆమెది. "బయట వాసన లేదు గదరా..." అంది మెల్లగా. ఇంకో క్షణానికి "అత్తమ్మా!" అని కేక వేసి, నాయనమ్మ చేతిని కొట్టింది. అగ్గిపెట్టె ఎగిరి వాకిట్లో పడింది, పుల్లలన్నీ చెల్లాచెదురయ్యాయి. మా ఇద్దర్నీ రెక్కలు పట్టి బయటికి ఈడ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి పరుగెత్తింది. ఆమె మీట కట్టేసి, కిటికీలు తెరిచి తిరిగి వచ్చేదాకా నేను వాకిట్లో కూర్చుని ఆ పుల్లల్ని చూస్తూనే ఉన్నాను. నాయనమ్మ నా తల నిమురుతూ "ఏమైందిరా బిడ్డా, ఎందుకట్ల వణుకుతున్నవ్?" అని అడుగుతోంది.

అమ్మ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.  "ఎన్ని దినాల సంది గిట్ల మరుస్తున్నదిరా? నిజం చెప్పు." అప్పటికి వాడలో ఆడవాళ్ళు పోగయ్యారు. నేను నేల వైపు చూసి "ఇయ్యాలనే" అన్నాను.

వారం తిరగకుండానే నాయనమ్మ ట్రంకు పెట్టె సంగారెడ్డి బస్సెక్కింది. అది జబ్బని ఎవరికీ తెలియదు. ఒక్కనాడు గ్యాస్ కట్టేయడం మరిచిపోయినందుకు కోడలు అత్తను వెళ్ళగొట్టిందని వాడంతా అంది. చర్చిలో అమ్మ కూర్చునే చాప మీద పక్క చోటు ఖాళీగా ఉండేది. మా మేనత్తే గడపలో నిలబడి, "మా అమ్మ నీకు బరువైందా సునందా?" అంది. అమ్మ తల వంచుకుని విన్నది. నేను పక్కనే ఉన్నాను. మూడు వారాలు అని రెండు మాటలు చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. చెబితే కిటికీల సంగతి, అగ్గిపుల్ల సంగతి కూడా బయటపడతాయని భయం.

ఒక్కసారి చెప్పాను. ఏడాది తరవాత సంగారెడ్డి వెళ్ళినప్పుడు, నాయనమ్మకే. ఆమె అప్పటికి నన్ను గుర్తుపట్టడం లేదు, "ఎవరి పిల్లగానివి నాయినా?" అని అడిగింది. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె శ్రద్ధగా విని, నా చెయ్యి పట్టుకుని, "మరి ఆ పిల్లగాడు అమ్మ తానికి పోయిండా?" అంది. ఆమె సాయంత్రానికల్లా మరిచిపోతుందని తెలిసే ఆమెకు చెప్పాను. నా పశ్చాత్తాపం అంతటిది. ఆమె పోయిన రోజు, ఆమె నియమం ప్రకారమే, మా ప్రార్థన వరసలోంచి ఆమె పేరు తీసేశాం.

ఇప్పుడు మేము అమీన్‌పూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటున్నాం. కిటికీలకు జాలీలు, వంటింట్లో గ్యాస్ లీకైతే కూతపెట్టే చిన్న పెట్టె. అప్పుడు కథ రోజుకు ఒక్క భాగమే దొరికేది, అయిపోతే ఆ ఖాళీలో నాయనమ్మ ఉండేది. నిస్సికి ఎన్ని కథలైనా చేతిలోనే ఉన్నాయి. ఖాళీ మాత్రం అదే, గోడ అదే. ఆ ఆదివారం నిస్సి పక్కన కూర్చుని, "మర్చిపోవాలని మొక్కుకోకు బిడ్డా. మొదటి భాగం పెట్టు, నాకేం తెల్వదు, నాకు చెప్పుకుంట చూద్దువు" అన్నాను. అది ఇటు తిరిగి, "నిజంగ చూస్తవా? మధ్యల నిద్రపోతె ఊకోను" అంది. చూస్తానన్నాను. ముందు ఒక పనుందని లేచి, అమ్మ గదిలోకి వెళ్ళాను.

అమ్మ తోటకూర కాడలు వేరు చేస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "మూడు వారాలు అమ్మా" అన్నాను. "ఏంది మూడు వారాలు?" అంది. చెప్పాను. పళ్ళెం సంగతి, మాడిన గిన్నె సంగతి, నేను మూసిన కిటికీలు, జల్దీ ముట్టించమన్న మాట. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో ఒకే కాడ ఉంది. ఆ కాడను గిన్నెలో వేసి, "సచ్చేదాక మీ మేనత్త నాతోని మాట్లాడలే. ఎరుకేనా నీకు?" అంది. ఎరుకే అన్నాను. "ఆమె శవం కాడ గూడ నన్ను దూరం నిలవెట్టిండ్రు. నువ్వప్పుడు కాలేజీల ఉంటివి. అప్పుడన్న చెప్పకపోతివి కొడుకా."  తోటకూర గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

చీకటిపడే వేళ ప్రార్థనకు కూర్చున్నాం. ఇప్పుడు పేర్లు అప్పజెప్పేది అమ్మ. ఆమె వరసలో నా పేరు మొదటిది. కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఆమె నిస్సితో మొదలుపెట్టింది, దాని చదువు, దాని కళ్ళు. తరవాత నా భార్య, ఆమె మోకాలి నొప్పి. తరవాత ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.  నాకు నలభై దగ్గర పడుతోంది, అయినా పట్టుకోవడానికి ఏదన్నా కొంగు ఉందా అని చెయ్యి నేల మీద తడుముకుంది. చాలాసేపటికి అమ్మ గొంతు సవరించుకుని, "సామేలును..." అంది. నన్ను ఏం చెయ్యమని దేవుణ్ణి అడుగుతుందో అనుకున్నాను. ఆమె ఏమీ అడగలేదు. ఆ పేరును అక్కడే వదిలి, ఆమెన్ అంది.